కదిరి తేరులో పిలవని పేరు

"పాపా, సంగటి అడుగంటతాది, వచ్చి కెలుకు" అని అమ్మ పొయ్యి దగ్గర నుంచి కేకేసింది. మా వీధిలో ఆ కేకకు ముగ్గురు పిల్లలు పలకొచ్చు. ఎదురింటి జయమ్మత్త మనవరాలు పాపే, మూలింట్లో నడక నేర్చుకుంటున్నదీ పాపే. నాకు పదిహేనేళ్లు, పదో తరగతి చదువుతున్నాను, నేనూ పాపనే. అమ్మకు నన్ను పిలవడానికి వేరే మాట లేదు. నా పేరు ఆమె పలకకూడదు.

నా పేరు మునియమ్మ. అది మా అవ్వ పేరు, నాయన తల్లి పేరు. కోడలు అత్త పేరు ఎత్తితే అత్తకు ఆయుష్షు తగ్గుతుందని మా ఇంట్లో నమ్మకం. అందుకని ఆ పేరు సొంత కూతురికి పెట్టినా కోడలు ఎత్తకూడదు. పెట్టేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తురాలేదా అని చాలాసార్లు అనుకున్నాను. గుర్తొచ్చే ఉంటుంది. కన్నతల్లి బిడ్డను ఏమని పిలుస్తుందనేది మాత్రం వాళ్లకు ఆలోచించాల్సిన విషయంగా తోచి ఉండదు.

నాయన కూడా నన్ను పేరుతో పిలవడు. వాళ్లమ్మ పేరు పెట్టుకున్న పిల్లను తిడితే వాళ్లమ్మను తిట్టినట్టేనట. నేను తప్పు చేస్తే ఆ తిట్లు అమ్మకు పడతాయి. "ఏమే, నీ కూతురు కోళ్లగూడు మూయలేదు, నీ కండ్లు యాడ పెట్టుకున్నావు?" అంటాడు. అదే నాకు లెక్కల్లో మంచి మార్కులు వస్తే "మా యమ్మ పేరు గదా, ఊరికే పోతాదా?" అంటాడు. తప్పయితే అమ్మ కూతురిని, మార్కులయితే అవ్వ పేరుదాన్ని. అవ్వ నన్ను పిలిచేది కూడా అదే మాటతో, "నా పేరుదానా" అని. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లుంటే ముగ్గురిలో ఒక్కరూ పిలవని పేరు నాది. దాన్ని వాడేది బడిలో మగపిల్లలే. "మునెమ్మవ్వా, వక్కాకు ఉండాదా?" అని వెనక బెంచీ నుంచి అడుగుతారు. నాకు బదులు చెప్పడానికి నోరు రాదు. తల వంచుకుని రాసుకుంటూ ఉంటాను.

అమ్మ పేరు ఉమాదేవి. ఆ పేరూ ఎవరూ పిలవరు. నాయనకు అమ్మ "ఏమే". అవ్వకు "ఓమ్మీ". పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, సంగటి చేసి, అవ్వకు నీళ్లు కాచి, నాయనకు క్యారియర్ కట్టి, ఏడున్నరకు బట్టల కంపెనీ వ్యాన్ ఎక్కుతుంది. అక్కడ మెడలో కార్డు మీద ఉమాదేవి అనే ఉంది గానీ సూపర్‌వైజర్ మాత్రం "ఏయ్ పద్నాలుగు, కాలర్లు అయినాయా?" అంటాడట. పద్నాలుగు ఆమె కుట్టుమిషన్ నంబరు. ఒకసారి నవ్వుతూ చెప్పింది ఆ మాట. నాకు నవ్వు రాలేదు.

పోయిన సోమవారం మా హెడ్మాస్టర్ రఘునాథ్ సార్ క్లాసుకు వచ్చారు. పదో తరగతి పరీక్షలకు పేర్ల జాబితా పంపుతున్నామని, సర్టిఫికెట్‌లో జీవితాంతం ఉండే పేరు అదేనని చెప్పారు. "మార్చుకోవాల్సినోళ్లు శనివారం లోపల అమ్మనో నాయననో పిలుచుకొని రాండి. అర్జీ రాసి సంతకం పెట్టాల. ఆ తర్వాత వచ్చి ఏడ్చినా నేనేం చెయ్యలేను" అన్నారు. పక్కన కూర్చున్న సంగీత నన్ను మోచేత్తో పొడిచింది. "మార్చుకో మే. ఇంక ఈ అవ్వ పేరు ఎన్ని దినాలు మోస్తావు?"

నా డైరీలో ఆఖరి పేజీ నిండా పేర్లున్నాయి. నిహారిక, సింధు, వైష్ణవి, కీర్తన. ఒక్కో పేరుతో సంతకం చేసి చూసుకునేదాన్ని. సంతకాలు బాగానే ఉండేవి. కానీ ఏది రాసినా సంగీత గౌను తెచ్చి వేసుకున్నట్టుండేది. వేసుకోవచ్చు, నాది మాత్రం కాదు.

ఆ సాయంత్రం నాయన అన్నం తింటుండగా చెప్పాను. గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాయన ముద్ద ఆపి నన్ను చూడలేదు, అమ్మను చూశాడు.

"పేరు మార్చేదేంది? మా యమ్మ బతికుండంగానే ఆమె పేరు కొట్టేస్తారా? ఏమే, నువ్వు నేర్పిచ్చినావా దీనికి?"

అమ్మ పప్పు వడ్డిస్తోంది. గరిటె ఆగలేదు.

"నేను పోయినాక నా పేరు ఈ ఇంట్లో తిరగాలప్పా, అంతే నేను అడిగేది" అంది అవ్వ. తిరగాలంటే ఎవరైనా పిలవాలి గదా అనుకున్నాను. అనుకోవడమే.

అప్పుడు అవ్వ నన్ను బుజ్జగించడానికి కదిరి తేరు సంగతి మళ్లీ మొదలుపెట్టింది. ఇంటికి ఎవరొచ్చినా చెప్పే కథ అది. నాకు మూడేళ్లప్పుడు అమ్మా నాయనా నన్ను కదిరి నరసింహస్వామి తేరుకు తీసుకెళ్లారు. అవ్వ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ జనంలో నేను అమ్మ చెయ్యి విడిచి తప్పిపోయాను. నాయన ఒక వైపు వెతకడానికి పోయాడు. అమ్మ ఏడ్చుకుంటూ పోలీసుల మైకు దగ్గరికి పోయింది. "పాప పేరు చెప్పమ్మా" అన్నాడు మైకు పట్టుకున్న పోలీసు. "మా అత్త పేరు సార్" అంది అమ్మ. "తప్పిపోయింది కూతురా, అత్తా?" అన్నాడు ఆయన. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారట. అయినా అమ్మ చెప్పలేదు. చివరికి "ఎర్రగౌను పాప, మూడేండ్లు" అని మైకులో అరిచారు. ఆ తేరులో ఎర్రగౌను పాపలు ఎంతమందో!

నేను ఒక బొరుగుల అంగడి దగ్గర దొరికాను, రెండు గంటల తర్వాత. అంగడామె నన్ను కూర్చోబెట్టుకుని పేరేమని అడిగితే "పాప" అని చెప్పానట. ఇంట్లో అమ్మ నన్ను పిలిచేదే అది. నా పేరు మునియమ్మ అని మూడేళ్లకు నాకు తెలియనే తెలియదు.

ఇదంతా చెప్పి అవ్వ ప్రతిసారీ ఒకే మాటతో ముగిస్తుంది. "బిడ్డ తప్పిపోయినా అత్త పేరు నోట్లో నుంచి రానీలేదు నా కోడలు. అట్లాంటి కోడలు ఎవురికుండాది చెప్పు?" నాయన ప్రతిసారీ మీసం తుడుచుకుని నవ్వుతాడు. ఆ రోజూ నవ్వాడు. ఎన్నోసార్లు విన్న కథే, కానీ ఆ రోజు వేరేగా వినిపించింది. అమ్మకు ఈ ఇంట్లో దొరికిన ఒకే ఒక్క మెప్పు ఇది. పద్దెనిమిదేళ్ల చాకిరీకి లేదు, కంపెనీలో మిషన్ తొక్కి తొక్కి వాచిన కాళ్లకు లేదు. జనంలో బిడ్డ పోతుంటే నోరు మూసుకున్నందుకు ఉంది.

మరునాడు అవ్వకు తల దువ్వుతూ అడిగాను. అవ్వ దగ్గర నాకు కొంచెం మాట వస్తుంది.

"నీకు నీ పేరు ఇష్టమా అవ్వా?"

"ఇష్టమేంది మే? మా యమ్మ నాకు పెట్టింది ఇది కాదులే."

దువ్వెన ఆగిపోయింది. "మరి?"

"పుష్పావతి. మా పుట్టినూరు తలుపులలో, మా ఇంటికాడ అందురూ పుష్పా అనే పిలుస్తాంటిరి. ఈడికి వచ్చినాక మా అత్త పేరూ అదే అని తెలిసినాది. ఇంట్లో ఇద్దురు ఎట్ల? అత్త పేరు మారుస్తారా ఏమన్నా? మునీశ్వరుని పేరని నాకు ఇది పెట్టిరి."

"నువ్వు ఒప్పుకున్నావా?"

"పన్నెండేండ్ల పిల్లను, నన్ను అడిగేదెవురు? కొన్నాళ్లు పిలిస్తే పలక్కుండా ఉంటి. చెవుడేమో అనుకునిరి." అవ్వ నవ్వింది. పళ్లు లేని నవ్వు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది.

"మరి అదే పేరు నాకెందుకు పెట్టినావవ్వా?"

"నేను మోసినా గదా. నువ్వూ మొయ్యి" అంది, అదేదో ఇత్తడి బిందె సంగతి అయినట్టు.

నాకు జాలి కలగాలి. కొంచెం కలిగింది కూడా. కానీ దానికన్నా కోపం ఎక్కువ వచ్చింది. అవ్వ నోరు నొక్కి పెట్టిన పేరు. ఆ పేరుతో మా అమ్మ నోరు నొక్కారు. ఇప్పుడు అదే పేరు నా సర్టిఫికెట్ మీదికి వస్తోంది. ఎవరిదీ కాని ఒక పేరును కాపాడటానికి ఇంతమంది ఆడవాళ్లం మూగవాళ్లం కావాలా?

శుక్రవారం సాయంత్రం అమ్మ కంపెనీ నుంచి వచ్చి, చెప్పులు విడిచి నేరుగా అంట్ల దగ్గర కూర్చుంది. నేను కడిగినవి బోర్లిస్తూ అడిగాను.

"అమ్మా, నాకు నువ్వు ఏం పేరు పెట్టాలనుకున్నావు?"

"నన్నెవురు అడిగినారు?"

"నేను అడుగుతాండా."

చాలాసేపు సట్టి తోముతూనే ఉంది. అది ఎప్పుడో తెల్లబడింది. తర్వాత తలెత్తకుండానే చెప్పింది. "అరుణ. నువ్వు తెల్లారుతా పుట్టినావు. పెనుకొండ ఆస్పత్రి కిటికీలో అంతా ఎర్రగా ఉండె. పేరు పెట్టే దినం దాకా, ఇరవై దినాలు, ఎవురూ లేనప్పుడు చెవి కాడ అట్లనే పిలిస్తి. పాలు తాగేది ఆపి చూస్తాంటివి."

"కదిరిలో నా పేరు చెప్పాలనిపించలేదా?"

అమ్మ చేతులు ఆగాయి. "నోటిదాకా వచ్చె. ఎత్తినాక మీ అవ్వకు ఏమన్నా అయింటే నన్ను బతకనిస్తారా? కానీ ఆ రెండు గంటలు మనసులో అరుస్తానే ఉంటి పాపా. ఆ తేరు సప్పుడు కంటే గట్టిగా."

అమ్మ సట్టి నా చేతికిచ్చింది. లేస్తూ "రేపు మీ సార్ ఎన్ని గంటలకు వస్తాడు?" అంది.

శనివారం నాయన తెల్లవారకముందే పట్టుగూళ్లు ఆటోలో వేసుకుని హిందూపురం మార్కెట్‌కు పోయాడు. అమ్మ వ్యాన్ ఎక్కలేదు. కంపెనీలో ఆ రోజు పద్నాలుగో మిషన్ కదల్లేదు. దారిలో నాకు భయం పట్టుకుంది.

"నాయన తిడతాడేమోమా."

"దినామూ ఊరికే తిడతాడు గదా. ఈ పొద్దు కారణముండి తిట్టనీలే."

ఆఫీసు గదిలో సార్, పక్కన జాబితా రాసే గుమాస్తా ఉన్నారు. "మీ ఆయన రాలేదామ్మా?" అన్నారు సార్.

"కన్నది నేను సార్. నా సంతకం చాలదా?"

సార్ కళ్లద్దాలు సరిచేసుకున్నారు. "చాల్తాది, చాల్తాది. పాత పేరు చెప్పు, అర్జీలో రాసుకుంటాం."

అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తెలిసిపోయింది. ఫ్యాను తిరుగుతోంది. జాబితా కాగితాలు లేస్తుంటే గుమాస్తా అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"కూతురి పేరమ్మా" అన్నారు సార్ మళ్లీ.

"ఏమ్మా, కూతురి పేరు కూడా తెలీకుండా వస్తివా?" అన్నాడు గుమాస్తా, నవ్వాడు.

మళ్లీ అదే. అదే మైకు, అదే నవ్వు. నేను చెప్పొచ్చు. నా పేరే గదా. కానీ నా నాలుక ఎప్పటిలాగే అంగిలికి అంటుకుపోయింది. కదిరిలో మూడేళ్లదాన్ని, నాకు పేరు తెలియదు. ఇప్పుడు పదిహేనేళ్లు, తెలిసీ నిలబడ్డాను. నా మీద నాకు వచ్చినంత కోపం ఆ గుమాస్తా మీద కూడా రాలేదు.

అమ్మ చెంగు దించింది.

"మునియమ్మ" అంది.

చిన్నగా కాదు. వరండాలో ఉన్నవాళ్లు తొంగి చూసేంత గట్టిగా, జనంలో ఎవరినో వెతుకుతున్నట్టు, చివరి అక్షరం సాగదీసి అంది. నాకు తెలియకుండానే "ఆ" అని పలికాను. అమ్మ నా వైపు తిరిగింది. కన్నతల్లి నన్ను ఆ పేరుతో పిలవడం అదే మొదటిసారి. కొట్టివేయించడానికి పిలిచింది. ఒక్క క్షణం ఆ పేరు ఎంత బాగుందో! ఇన్నేళ్లూ నేను అసహ్యించుకున్నది ఆ పేరును కాదేమో. దాని చుట్టూ ఉన్న నిశ్శబ్దాన్నేమో.

గుమాస్తా నవ్వు ఆపి రాసుకున్నాడు. గీత కొట్టాడు. "కొత్త పేరు?"

అమ్మ చెప్పలేదు. నన్నే చూస్తోంది.

"అరుణ" అన్నాను. వినపడలేదేమో అని మళ్లీ అన్నాను. "అరుణ సార్."

"ఏం మే, ఏదన్నా సినిమా చూసి పెట్టుకున్నావా?" అన్నారు రఘునాథ్ సార్, తమాషాకే.

"లేదు సార్" అన్నాను. అక్కడితో ఆగలేదు. "మా అమ్మ పెట్టింది. పెట్టి పదిహేనేండ్లయింది."