పదకొండు టిక్కుల దిగ్విజయం

కొలతల పుస్తకంలో చదివిన ప్రతి వరుసకూ టిక్కు పెట్టడం దర్జీగారి వృత్తిధర్మం. తల్లిదండ్రుల సేవాదినం కోసం కూతురు బడి నుంచి తెచ్చిన, ‘మీరు చేయగల పనులకు టిక్కు పెట్టండి’ అన్న జాబితానూ ఆయన అదే నిష్ఠతో చదివి, పదకొండు పనులకూ టిక్కులు పెట్టి పంపేశారు.

“నాన్నా, అన్నిటికీ నువ్వే వస్తున్నావని క్లాసంతా చెప్పేశా! ఒక్కటి తప్పినా నా పరువు పోతుంది!”

“మీకున్నవి రెండు చేతులే కదండీ?” అంది భార్య.

“మీ తమ్ముడికి రెండున్నాయి, మీ అమ్మకు రెండున్నాయి. సైన్యానికేం లోటు?”

శనివారం ఆ కుటుంబం బడి మీదికి దండెత్తింది. బావమరిది గోడకంటే తనకే ఎక్కువ రంగు పూసుకున్నాడు. అత్తగారు చిరిగిన పుస్తకాలన్నీ అతికించారు. భార్య మొక్కలు నాటింది. సాయంత్రానికి పది పనులు పాదాక్రాంతమయ్యాయి. ఇక మిగిలింది, పిల్లలను నవ్వించడానికి పెద్దలు గెంతే గోనెసంచి పందెం.

సగం దారిలో దర్జీగారి సంచి అడుగు ఊడింది. ఆయన అక్కడే చతికిలబడి, కాలరులోంచి సూది తీసి కుట్టసాగారు.

“కాజాలు కూడా కుట్టు బావా!” అని అరిచాడు బావమరిది.

దారం కొరికి, లేచి గెంతి, అందరికంటే చివర గీత దాటిన ఆ మహావీరుణ్ణి కూతురు వాటేసుకుంది. “పదకొండూ అయిపోయాయి!”

దర్జీగారు చెవి వెనక సుద్దముక్క తీసి, సంచి మీద గంభీరంగా టిక్కు పెట్టారు.