తొమ్మిదో ప్రశ్న

బొంగురక్క మూడో గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చంకలోని అట్టను మోకాళ్ళమీద పెట్టుకుంది. ఇరవయ్యేళ్ళ కిందట ఒక విటుడు మెడ నులిమిన నాటినుంచి ఆమె గొంతు పగిలిన కంచులా మోగుతుంది. ఆ పేరు అప్పుడు పడిందే. ఒళ్ళమ్ముకునే ఆ వృత్తి మాని, ఇప్పుడు అందులోని ఆడవాళ్ళ భద్రతపై జరిగే సర్వేకు ప్రశ్నలడుగుతోంది.

తొమ్మిదో ప్రశ్న: మెడ నొక్కినప్పుడు గుర్తులు పడ్డాయా? 'లేదు' అని జవాబొస్తే తర్వాతి పేజీకి వెళ్ళాలని ఫారం ఆజ్ఞ.

ఎదుట, ఇద్దరు పిల్లల తల్లి, ఒకప్పటి కుట్టుపని వల్ల టైలరమ్మ అనిపించుకునే ఆమె, గోడకానుకుని నవ్వింది.

"మొన్న ఒకడు మెడ పట్టుకున్నాడ్లే. గీత కూడా పడలేదక్కా. లేదని కొట్టెయ్."

"నీ గొంతేంటే, నా గొంతుకు తోడబుట్టినట్టుంది?"

"జలుబు."

"ఏదీ, మంచినీళ్ళు తాగు."

గుక్క దిగేటప్పుడు టైలరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"వాడు నొక్కినప్పుడు మధ్యలో కాసేపు ఏమీ గుర్తులేదా?"

"లేచేసరికి లంగా తడిసిపోయుంది. సిగ్గేసి ఎవరికీ చెప్పలా."

బొంగురక్క పేజీ తిప్పలేదు. ఆ మాటలన్నీ అంచున ఎక్కించి, ఆమెను రెక్క పట్టుకుని లేవదీసింది.

ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూశాడు. "గుర్తులేం లేవు కదమ్మా."

"నాకూ అప్పుడు గుర్తులేం పడలేదు బాబూ. నా గొంతు వింటున్నావుగా? స్కానింగ్ రాసిందాకా ఈ కుర్చీ వదల్ను."

వెనక వరసలోవాళ్ళు సణిగారు. ఆమె కుచ్చిళ్ళు సర్దుకుని మరింత స్థిరంగా కూర్చుంది.

మెడలోని రక్తనాళం లోపొర చిరిగిందని స్కానింగులో తేలింది. ఆలస్యమైతే పక్షవాతమో, చావో అన్నారు. టైలరమ్మను అక్కడే చేర్చుకున్నారు.

సాయంత్రం ఆఫీసులో సర్వే మేడమ్, బొంగురక్క ఇన్నాళ్ళూ నింపిన ఫారాల కట్ట విప్పింది. "అరవై రెండు ఫారాలు, అన్నిటికీ అంచుల్లో రాతలే! ఇవి చెల్లవు. శుభ్రంగా మళ్ళీ నింపుకురండి."

"సిగ్గు చంపుకుని ఒకసారి చెప్పారండీ. మళ్ళీ అడగడానికి నాకు నోరు రాదు."

"అయితే రేపటినుంచి రావద్దు."

"రాన్లెండి. వచ్చే మనిషితో మాత్రం, నీళ్ళు మింగుడుపడుతున్నాయా అని అడిగించండి."

మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్లమీద పెట్టి, ఆమె మెట్లు దిగిపోయింది.

మేడమ్ కట్టను తిరిగి సర్దబోయి ఆగింది. అన్నిటికన్నా అడుగున ఉన్న ఫారంలో, పేరు గడిలో 'నేను' అని ఉంది. గుర్తుల గడిలో 'లేవు'. అంచు మాత్రం నాలుగు వైపులా, అక్షరం పట్టే చోటు లేకుండా, నిండిపోయి ఉంది.