తెర మీద ఒక అక్షరం

2006 ఎండాకాలం. ఖమ్మంలో ఒక ప్రైవేటు పీజీ కాలేజీలో కంప్యూటరుతో జీవకణాల వివరాలు పరిశీలించే బయోఇన్ఫర్మాటిక్స్ చెబుతుండేవాణ్ణి. నా దగ్గర ఎమ్మెస్సీ ఆఖరి సంవత్సరం చదివే శ్యామలది భద్రాచలం అవతల అడవి పల్లె. వాళ్ల అక్క సుజాతకు రక్తకణాలు కొడవళ్లలా వంగిపోయే జబ్బు. శ్యామల ఆ జబ్బునే ప్రాజెక్టుగా తీసుకుంది. ఇంటర్నెట్ నుంచి ఆ రక్తంలోని ప్రోటీను వివరం దింపుకుని, తెర మీద అక్షరాల వరుసగా పరిచి, మంచి రక్తంతో పోల్చింది. ఒకే ఒక్కచోట ఇంగ్లీషు ‘ఈ’ అక్షరానికి బదులు ‘వి’ ఉంది. పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న సంగతే. అయినా తన కళ్లతో చూశానని సంబరపడి, ఊళ్లో ఫోనున్న దుకాణానికి ఫోన్ చేసి తల్లికి చెప్పింది.

మూడు వారాలకు తల్లి జంపక్క మా ల్యాబు గుమ్మంలో నిలబడింది.

“చెప్పులిడిచి రావాల్నా? ఇది గుడా ఏంది సారూ?” అని నవ్వింది. ఏసీ గాలికి కొంగు కప్పుకుని నేల మీద కూర్చుంది. “డబ్బాలకేమో సల్లగాలి. మా పిల్లకు హాస్టల్ల ఫ్యానే లేదాయె.”

శ్యామల తల్లి చెయ్యి పట్టుకుంది. “అక్కకు ఈ నెల రక్తం ఎక్కిచ్చిండ్రానే అవ్వా?”

“ఎందుకు? అచ్చరం తప్పు పడ్డదని నువ్వే జెప్తివి గద. దొరికినంక దిద్దుతరాయె. దవాఖానకు తోల్కపోవుడు బందు పెట్టిన. సూదులు పొడిసి పొడిసి దాని చేతులు గుల్లయినయి.” నా వైపు తిరిగింది. “ఎప్పుడు దిద్దుతరు సారూ? పిల్లను తేవాల్నా, మీరే వస్తరా?”

ఒకప్పుడు నా భార్యకు ఇక నయం కాదని చెప్పేముందు డాక్టరు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆ మేలు నేను మరిచిపోలేదు. జంపక్క పక్కన నేల మీద కూర్చున్నాను.

“అక్కా, తప్పు ఎక్కడుందో మాకు తెలుస్తుంది. తెర మీద దిద్దగలం. ఒంట్లో దిద్దడం రాదు. సుజాతకు వెంటనే రక్తం ఎక్కించాలి.”

ఆమె తెర వైపు వేలు చూపింది. “దిద్దరానప్పుడు ఎందుకు ఎతికిండ్రు?” కోపంగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. వెంటనే లేచింది. “జల్దీ పోదాం పా బిడ్డా.”

నేనూ వెళ్లాను. బస్సు కిక్కిరిసి ఉంది. కండక్టరు తన సీటు జంపక్కకిచ్చి భద్రాచలం దాకా నిలబడే ఉన్నాడు. అక్కణ్ణుంచి పల్లెకెళ్లి సుజాతను దవాఖానకు చేర్చేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. రెండు సీసాల రక్తం ఎక్కించారు. సుజాత ఒకసారి కళ్లు తెరిచి, జడ సరిగ్గా వేసుకోలేదని చెల్లెల్ని తిట్టింది. మూడో రోజు పోయింది.

శ్యామల ఇక కాలేజీకి రాలేదు. తను చేసిన ఆ ఫోనే అక్కను చంపిందని ఊళ్లో ఉండిపోయింది. నేను రాసిన రెండు ఉత్తరాలకూ జవాబు లేదు.

నెలన్నరకు జంపక్కే ఆమెను వెంటబెట్టుకొచ్చింది. కూతురి బట్టల సంచి బల్ల మీద పెట్టి ఆమె వైపు తిరిగింది.

“నువ్ జెప్పింది అబద్ధం గాదు. నేనిన్నది తప్పు. ఇద్దరం ఎన్నాళ్లని ఏడుస్తం?” కూతురు తల ఎత్తలేదు. “కని ఇగ ఏదన్న దొరికితే, నయమైతదా కాదా, గది ముందుగాల జెప్పు. దొరికిందని తర్వాత జెప్పు.”

తల్లి వెళ్లాక శ్యామల కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రాజెక్టు మొదటి పేజీ తెరిచి, శీర్షిక కింద ఒక వాక్యం టైపు చేసింది: ఈ పనివల్ల రోగికి జబ్బు నయం కాదు.

ప్రాజెక్టు పరీక్షకు వచ్చేవాళ్లు ఆ వాక్యం కొట్టెయ్యమంటారని నాకు తెలుసు. ఉండనిచ్చాను.