ఎడమచేతి ముడి

యమీలా పుట్టిన ఏడాది పరానా నది పొంగి, తగ్గేటప్పుడు ఒక ఇసుక మేట వదిలిపోయింది. ఆ మేటకు మొదట తగిలింది దెల్మీరా పడవే. అప్పుడామె నిండు చూలాలు, కడుపులో యమీలా. పడవ నిండా పిండి, చక్కెర, టీలా కాచుకునే మాతే ఆకు. నడుంలోతు నీళ్ళలో దిగి, ఇసుకలో కూరుకున్న పడవను ఒక్కతే నెట్టుకుంది. పన్నెండేళ్ళలో ఆ మేట మీద రెల్లు మొలిచింది, విల్లో చెట్లు లేచాయి, కొంగలు వచ్చాయి. చివరికి బడి కూడా వచ్చింది. ప్రతి శుక్రవారం చుట్టుపక్కల దీవుల పిల్లలు అక్కడికి చేరి, నేల మీద కూర్చుని, నదిని చదువుకుంటారు. దానికి కొత్తదీవి అని పేరు పడింది.

అక్కడ పాఠం చెప్పడానికి లియాంద్రో మాస్టారు దెల్మీరాను పిలవలేదు. ఇసౌరాను పిలిచాడు.

దెల్మీరా ఈ సంగతిని ఎన్నిసార్లు తూచినా త్రాసు ఒకవైపే మొగ్గింది. ఇసౌరా తుంగ కోసి బుట్టలల్లుకునే మనిషి. సంతకం చెయ్యాలంటే నాలుక కరుచుకుని పావుగంట తీసుకుంటుంది. దెల్మీరా ఆరో తరగతి పాసైంది. ఇరవై రెండేళ్ళుగా పడవ మీదే దుకాణం నడుపుతోంది. ఏ వంపులో ఏ మొద్దు మునిగి ఉందో కళ్ళు మూసుకుని చెబుతుంది. ఇంత సరుకు ఎదురుగా ఉంటే కాదని ఖాళీ బుట్ట దగ్గరికి పోయినవాణ్ణి ఏమనాలి?

అది పోనీ అనుకోవచ్చు. యమీలా సంగతి అట్లా అనుకోవడానికి లేదు.

దీవిలో పాఠాలు మొదలుకాకముందు శుక్రవారం బడి ఉండేది కాదు. ఐదో ఏటి నుంచి ఆ రోజంతా యమీలా పడవలో తల్లికి ఎదురుగా నిలబడి పొట్లాలు కట్టేది. దెల్మీరా ముడి వేరు. రెండు చుట్లు, అడుగు నుంచి ఒక ఉచ్చు, ఒక్క లాగు. నీళ్ళలో పడ్డా ఊడదు, విప్పడానికి మాత్రం ఒక్క వేలు చాలు. ఆమెది ఎడమచేతి వాటం కాబట్టి ఉచ్చు ఎడమకు వాలుతుంది. ఎదురుగా నిలబడి నేర్చుకుంది గనుక యమీలా వేస్తే కుడికి వాలుతుంది. తల్లీకూతుళ్ళు తప్ప ఆ నది మీద ఆ ముడి ఎవరూ వెయ్యరు. ఇప్పుడు ఆ శుక్రవారాలన్నీ ఇసౌరావి.

"అమ్మా, నత్తలు ఎంత ఎత్తున గుడ్లు పెడితే నది అంతవరకే వస్తుందంట. ఇసౌరా టీచర్ చెప్పింది," అంది యమీలా ఒక సాయంత్రం, చేప ముళ్ళు ఏరుకుంటూ.

"టీచరా? ఎప్పుడయిందే ఆవిడ టీచరు?"

"అందరం అట్లానే పిలుస్తాంగా."

"నత్తల సంగతి నాకూ తెలుసు. మా నానమ్మ చెప్పింది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఎవరూ అడగని సరుకును బయటికి తీసి చూపించడం దెల్మీరాకు ఎన్నడూ అలవాటు లేదు.

ఆ వారమే పిల్లలు దీవి అంచున ఒక విల్లో గుంజ పాతారు. పక్కనున్న రెల్లు మీద నత్తలు పెట్టిన గులాబీరంగు గుడ్లను చూసి, అన్నిటికంటే పైనున్న గుత్తి ఎత్తుకు సరిగ్గా ఆ గుంజకు ఎర్ర ఊలు కట్టారు. "నది ఇక్కడికొచ్చి ఆగుతుంది, చూస్తూ ఉండండి," అని ఇసౌరా చెప్పిందట. కొద్దిరోజులకు గుడ్లు పగిలి, పిల్ల నత్తలు నీళ్ళలోకి జారిపోయాయి. సాక్ష్యానికి ఊలు ఒక్కటే మిగిలింది.

ఒక మధ్యాహ్నం దెల్మీరా ఖాళీ పడవతో దీవి పక్కగా వెళుతూ ఆ ఎర్రపోగును చూసింది. అది తనను వెక్కిరిస్తున్నట్టు తోచింది. ఇంజను ఆపింది. ఊలు విప్పి, జానెడు కిందికి దించి, మళ్ళీ కట్టింది. నది ఊలు దాటి ముంచుకొస్తే టీచరమ్మ మొహం ఎట్లా ఉంటుందో చూడాలి. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ఏ ముడి వేస్తున్నానో ఆమె చూసుకోలేదు.

రెండు వారాలకు నీరు పెరిగి, పెరిగి, ఆగింది. ఆ శుక్రవారం దెల్మీరా బిస్కెట్లు ఇచ్చే సాకుతో దీవికి పోయింది. ఊలు జానెడు లోతున నీళ్ళలో ఊగుతోంది. పిల్లల మొహాలు వాడిపోయాయి.

"ఏం గురువమ్మా, నత్తలు అబద్ధాలు నేర్చినట్టున్నాయే!" అంది దెల్మీరా.

ఇసౌరా నీళ్ళలోకి చెయ్యి జాపింది. గుంజను తడిమింది. విల్లో గుంజ ఎక్కడ పాతినా చిగురిస్తుంది కదా, అదీ కణుపు కణుపునా చిగురించింది.

"పుస్తకాలు తియ్యండర్రా. ఆ రోజు మీరు వేసిన బొమ్మలో ఊలు ఎక్కడుంది?"

"కింది నుంచి మూడో కణుపు మీద!" అన్నారు పిల్లలు.

నది సరిగ్గా మూడో కణుపును తాకి నిలబడి ఉంది. ఊలు మాత్రం రెండో కణుపు కింద ఉంది.

లియాంద్రో మాస్టారు వంగి నీళ్ళలోకి చూశాడు. "ఎవరో మార్చారు. ఇది దుకాణం ముడి." తల తిప్పి, "మనలో ఈ ముడి వచ్చింది నీకొక్కదానికే యమీలా," అన్నాడు.

యమీలా గుంజ దగ్గరికి వచ్చింది. ఉచ్చు ఎటు వాలిందో చూసింది. ఆ తర్వాత తల్లిని చూసింది. పుస్తకం మూసేసింది.

"ఎందుకు చేశావో చెప్పేదాకా దీవికి రావద్దు," అన్నాడు మాస్టారు.

పడవలో తిరిగి వస్తూ దెల్మీరా బేరం తేల్చుకుంది. ఇసౌరా గెలిచింది, అది నష్టం. కూతురు మాత్రం తిరిగి తన పడవకు వచ్చింది. కోరుకున్నది చేతికొచ్చాక, ఎట్లా వచ్చిందని సరుకును అడుగుతామా?

తర్వాతి శుక్రవారం యమీలా తల్లికి ఎదురుగా నిలబడి చక్కెర పొట్లం కట్టింది. దెల్మీరా దాన్ని అందుకుని ఆగిపోయింది.

"అదేం ముడే?"

"అందరూ వేసేది."

"మన ముడి వెయ్యి."

"నాకు రాదు," అంది యమీలా, రెండో పొట్లం లాక్కుని దానికీ మామూలు పీటముడి బిగిస్తూ.

ఆరు పొట్లాలు అట్లాగే వచ్చాయి. దెల్మీరా ఏడోది ఆమె చేతిలోంచి తీసి పక్కన పెట్టి, పడవను కొత్తదీవి వైపు తిప్పింది.

పిల్లలందరూ ఉన్నారు. నిలబడే చెప్పింది. "ఆ ఊలు దించింది నేను. ముడి నాది. ఉచ్చు ఎడమకు వాలింది, చూసుకోండి."

మాస్టారి మొహం ఎర్రబడింది. "ఎందుకు చేశారండీ?"

"కడుపుమంట."

పిల్లలు గొల్లున నవ్వారు. ఇసౌరా నవ్వలేదు. "ఆ రోజే చూశాను నేను. ఇరవై ఏళ్ళుగా నీ పొట్లాలు విప్పుతున్నా, తెలియదా నాకు?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నావక్కా? పిల్ల మాట పడుతుంటే?"

"తల్లిని అది పట్టివ్వలేదు. దాన్ని కాదని నేను పట్టించనా? నువ్వు ఎన్నాళ్ళకు వస్తావో చూద్దామని ఊరుకున్నా." ఇసౌరా గుంజ వైపు తల ఊపింది. "వారాల తరబడి నానినా ఊడలేదు. ఆ ముడేదో మా పిల్లలకు నేర్పరాదూ?"

మా పిల్లలు! మానుతున్న పుండు మీద గోరు తగిలినట్టయింది.

"నేర్పను. అది నాదీ నా కూతురిదీ."

యమీలా పడవ దిగి, వెనక్కి తిరగకుండా వెళ్ళి ఇసౌరా పక్కన కూర్చుంది.

మరుసటి శుక్రవారం దెల్మీరా ఆ దారిన రాకూడదనుకుంది. వచ్చింది. దీవి అంచు పొడుగునా కొత్త గుంజలు, ప్రతిదానికీ ఎర్ర ఊలు. పడవ దగ్గరికి పోనిచ్చింది. అన్నీ తన ముడులే. ఇంట్లోది తీసి ఊరందరికీ పంచిపెట్టింది ఈ పిల్ల! ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ చూసింది. ఉచ్చులన్నీ ఎడమకు వాలి ఉన్నాయి. యమీలా తన చేతివాటం కాకుండా తల్లిది నేర్పింది.

నాలుగో గుంజ మీద ముడి మాత్రం జారుతోంది.

"ఒరేయ్, ఎవడ్రా ఇది కట్టింది?" అని పడవలోంచే అరిచింది. "అడుగు నుంచి తియ్యాలిరా ఉచ్చు! ఇట్లా కడితే చక్కెరంతా చేపల పాలే!"

"అక్కణ్ణించి అరుస్తావేం, దిగి చెప్పు," అంది ఇసౌరా.

"నాకు సరుకు దింపేది ఉంది."

"అయితే పో."

దెల్మీరా పడవను గుంజకు కట్టింది. ఐదు నిమిషాలేనని ఇంజను ఆపలేదు. చెట్టు కింద ఇసౌరాను ఆనుకుని యమీలా కూర్చుని ఉంది. దెల్మీరా నేరుగా అక్కడికి నడిచి, "జరగవే," అని ఇద్దరి మధ్యా చోటు చేసుకుని కూర్చుని, ఊలు కోసం ఎడమచెయ్యి చాపింది.