నీడ చేతిలో ఉన్నది

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు మన నీడ ఎక్కడికి పోతుంది, చెప్పండి పిల్లలూ? ఆఁ, కాళ్ల కిందికే. ఆ ఒక్కటీ గుర్తుంటే చాలు.

ఒక సర్వే ఆవిడ ఉండేది. పెద్దవాళ్లలో ఎందరు పొగ తాగుతారు, ఎందరు మందు తాగుతారు, ఎందరు మత్తుకు మాత్రలు మింగుతారు అని ఇంటింటికీ తిరిగి రాసుకోవడం ఆవిడ పని. ఆ ఊళ్లో ఎవరి అలవాటు ఏదైతే అది వాళ్ల నీడ చేతిలో కనిపించేది. అందుకే అందరూ ఆవిడను మిట్టమధ్యాహ్నమే రమ్మనేవాళ్లు.

"అరవై ఇళ్లు తిరిగావు, ఒక్క చుట్టముక్క లేదా?" అన్నాడు ఆఫీసరు. "అది ఊరా, చంటిపిల్లల ఉయ్యాలా?"

"అడిగితే లేదన్నారండీ."

"సాయంత్రం వెళ్లి అడుగు!"

వెళ్లింది. ఇస్త్రీ ఆయన నీడ సీసా ఎత్తింది. ఎదురింటి పెద్దావిడ నీడ దర్జాగా చుట్ట పీల్చింది. ప్రతి ముగ్గురిలో ఒకరి చెయ్యి ఖాళీగా లేదు. దాంతో ఆవిడకి అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం ఇంటిదాకా వచ్చింది.

ఆవిడ భర్త బడి బస్సు నడిపేవాడు. నోట్లో ఎప్పుడూ పిప్పరమెంటే. ఏ వాసన కప్పడానికి? పైగా డాక్టరు ఆవిడకి పది రోజులకని ఇచ్చిన నిద్రమాత్రలు నాలుగు రోజులకే అయిపోతున్నాయి. 'ఈ మనిషే మింగుతున్నాడు. మింగి పసివాళ్లను ఎక్కించుకుని తిప్పుతున్నాడు.' ఫారంలో రాస్తే ఆయన ఉద్యోగం ఊడుతుంది. రాయకపోతే, ఆ పిల్లలు?

సాయంత్రం ఆయన్ను వీధిలోకి లాక్కొచ్చింది.

"ఎండకి వీపు పెట్టి నిలబడండి. చెయ్యి చాపండి."

"ఏమిటే, ఫొటో తీస్తావా?" అంటూనే చాపాడు.

నీడ చెయ్యి ఖాళీ.

"మరి ఆ పిప్పరమెంట్లెందుకు?"

"సిగరెట్లు మానేశాక నోరు ఊరుకోవట్లేదే."

"నా మాత్రలేమవుతున్నాయి?"

ఆయన ఆవిడ భుజాలు పట్టుకుని మెల్లిగా అటు తిప్పాడు. రోజూ పొద్దుకి ఎదురు నడిచి ఇల్లు చేరేది కదా, ఆవిడ నీడ ఎప్పుడూ వెనకే పడేది. ఇప్పుడు గోడమీద ఎదురుగా నిలబడింది. దాని దోసిలి నిండా మాత్రలు. రాత్రిళ్లు ఆవిడే ఒకటి వేసుకుని, ఆ మగతలో వేసుకున్నానో లేదో అని ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి.

"ఎన్నాళ్ల నుంచి చూస్తున్నారు?"

"బస్సు పెట్టేసి రోజూ నీ వెనకే కదా నేను ఇంటికి నడిచేది."

"నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"రెండుసార్లు చెప్పాను. కసిరావు. ఇన్ని ఇళ్లకి వెళ్లేదానివి, ఎప్పటికైనా మనింటికీ వస్తావని చూస్తున్నాను."

ఆవిడ అక్కడే మెట్టుమీద కూర్చుని ఫారం తీసింది. పెద్దవాళ్లు: ఇద్దరు. మాత్రల అలవాటు: ఒకరికి ఉంది. ఆ కాగితమే మర్నాడు డాక్టరు బల్లమీద పెట్టింది.

వెంటనే మానేసిందా అంటారా? లేదర్రా. అలాంటివి ఒక్కసారిగా మానకూడదు, డాక్టరు కొద్దికొద్దిగా తగ్గించాడు. దోసిలి ఖాళీ అవడానికి ఏడాది పట్టింది.

సరే, దుప్పట్లు సగమే ఆరేసి వచ్చాను, మిగతావి బకెట్లోనే ఉన్నాయి. కాస్త పక్కకి జరగండి, నా నీడ చెయ్యి నాకు కనపడాలి.