అత్తగారి ఆరు కట్టై

మా అత్తగారిని నేను చూడలేదు. విన్నాను, అంతే. పెళ్లయి తెనాలి నుంచి అరవదేశానికి, చూలైలోని ఈ ఇంటికి వచ్చిన రోజు సాయంత్రమే మా ఆయన శ్రీకుమార్ నన్ను హాల్లో కూర్చోబెట్టి, గోడమీది ఫొటోకి దండం పెట్టించి, టేప్ రికార్డర్ నొక్కాడు. ముందు బరబరమని చప్పుడు. తర్వాత ఓ కుర్ర గొంతు "ఊఁ, పాడు ఇంగ" అంది. ఆ వెంటనే సన్నటి ఆడగొంతు ఒక మంగళహారతిని రైలు తప్పిపోతుందన్నట్టు గబగబా పాడేసింది.

"మా అమ్మ. పేరు అమ్మణి," అన్నాడు. "ముందర 'పాడు ఇంగ' అనింది నేనే. పన్నెండేండ్లు అప్పుడు నాకు. ఆ పొద్దు కరెంటు లేదు. టార్చిలైట్లో ఉండే బ్యాటరీలు పీకి దీంట్లో ఏసినాం. అదే ఏడు అమ్మ పోయింది."

కొత్త పెళ్లికూతురిని కదా, నాకు కళ్లు చెమర్చాయి. ఏళ్ల తరబడి వింటే ఎవరికైనా చెమర్చడం మానేస్తాయి. క్యాసెట్టు కాస్తా సీడీ అయింది, సీడీ ఫోన్లోకి ఎక్కింది, అత్తగారు మాత్రం అదే ఆరు కట్టైలో అలాగే పరుగెడుతూ ఉండేవారు. ఆరు కట్టై అంటే హార్మోనియంలో ఆరో తెల్లమెట్టుని శ్రుతిగా పెట్టుకుని పాడడం. ఈ ఊళ్లో పాడే మనిషి కనిపిస్తే పేరు కంటే ముందు కట్టై అడుగుతారు. ఆడవాళ్లు ఐదులో పాడితేనే మెచ్చుకుంటారు, మరి మా అత్తగారిది ఆరు. ఆ సంగతి మా ఆయన ఇంటిపేరు చెప్పుకున్నట్టు చెప్పుకుంటాడు. ఆయనకి రోలింగ్ షట్టర్ల వర్క్‌షాపు. పొద్దస్తమానం ఇనుపరేకుల మోతలో బతికే మనిషికి శ్రుతి మీద ఇంత పట్టుదల ఏమిటో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

మా మావయ్యగారు యతిరాజులు మాత్రం ఆ పాట మొదలవగానే కుర్చీలోంచి లేచి వీధి గుమ్మం దగ్గరికి వెళ్లిపోయేవారు. ఏటా అత్తగారి తిథి రోజున, భోజనాలయ్యాక చుట్టాలంతా చేరి టేపు వింటుంటే, ఆయన బయట నిలబడి నీళ్ల డ్రమ్ము మూత తీసి మళ్లీ పెట్టేవారు. పాపం తట్టుకోలేకపోతున్నారని అందరం అనుకునేవాళ్లం.

అసలు చిక్కు మా అమ్మాయి నివేదితతో వచ్చింది. దాని గొంతు పుట్టుకతోనే బొంగురు. ఫోనెత్తి హలో అంటే అవతలివాళ్లు అబ్బాయనుకుని "తంబీ, నాన్న ఉన్నారా?" అంటారు. కానీ దానికి పాటంటే ప్రాణం. వాళ్ల నాన్న మురిసిపోయి చిన్నప్పటి నుంచే అవ్వ పాట నేర్పించాడు. ఆయన నేర్పడమంటే టేపు పెట్టి పక్కన కూర్చోవడమే. అవ్వ ఎక్కడ ఎలా పాడితే పిల్ల అక్కడ అలా పాడాలి. అందకపోతే గొంతు నొక్కి, ముక్కులోంచి లాగి, ఎలాగోలా ఆ ఆరు అందుకునేది. "అచ్చం అమ్మణే" అని చుట్టాలు మెటికలు విరిచేవారు. పాట అయ్యాక దాని మెడనరాలు దిగడానికి ఎంతసేపు పట్టేదో నేను తప్ప ఎవరూ చూసేవారు కాదు. ఆ మాట అంటే, "తెనాలి దానివి, కట్టై గురించి నీకేం తెలుసు?" అనేవాడు మా ఆయన. తెనాలి వాళ్లకి గొంతులుండవు కాబోలు.

కాలేజీలో చేరిన ఏడాదే పిల్ల గొంతు పోయింది. పొద్దున లేస్తే మాట రాదు, సాయంత్రానికి వచ్చిందా అంటే గాలి, గరగర. డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూశాడు. బరువులు మోసేవాళ్ల చేతులు కాయలు కాసినట్టే స్వరతంతువులు కాయలు కాశాయన్నాడు. కోతలేవీ ఇప్పుడే అక్కర్లేదు కానీ, ఇలాగే పాడితే పాట సంగతి దేవుడెరుగు, మాటకే మోసం వస్తుందని చెప్పి, స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్లమన్నాడు.

తిరిగొస్తూ ఆటోలో అది నా వైపు చూడకుండా అంది: "ఇంగ పాడనమ్మా."

"తగ్గాక పాడుదువులే."

"తగ్గినా వద్దు. అందరూ వినేది అవ్వ గొంతు. అది నాది కాదు. నాదేమో ఎవురికీ వద్దు, నాకు కూడా. ప్లీజ్, విట్టుడు మా, వదిలేయ్."

నాకు కోపం వచ్చింది. ఎప్పుడో పోయిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత తప్పో తెలిసీ, ఆ రోజు ఇంటికొచ్చి ఫొటో వంక గట్టిగానే చూశాను.

థెరపిస్టు పేరు కాళిముత్తు. కీల్పాక్‌లో ఓ ఆసుపత్రిలో చిన్న గది ఆయనది. భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. మొదట్లో పాట ఊసే ఎత్తలేదు. నీళ్లు ఎంత తాగుతావు, ఎంతసేపు నిద్రపోతావు అని అడిగాడు. గొంతు బాగా లేదని గుసగుసలాడొద్దు, అది ఇంకా శ్రమ అన్నాడు. గ్లాసులో నీళ్లు పోసి, కొబ్బరిబోండాల స్ట్రా ఒకటి ముంచి, బుడగలు వచ్చేలా ఊదుతూ మెల్లగా "ఊ" అనమన్నాడు. ఇంత ఫీజు తీసుకుని బుడగలు ఊదిస్తాడేమిటా అని నేను గొణుక్కున్నాను. నా తెలుగు ఆయనకి అర్థం కాలేదు, లేదా అర్థం కానట్టు ఊరుకున్నాడు.

ఒకరోజు పిల్లని అడిగాడు, "ఎవరైనా కథ చెబుతుంటే నువ్వు ఏమంటావు?"

"ఊఁ అంటాను."

"అను. నోరు తెరవకు, ప్రయత్నం చేయకు. ఊరికే ఊఁ కొట్టు."

అంది. అడుగునుంచి, గుండ్రంగా, ఏ గరగరా లేకుండా వచ్చింది. పిల్లే ఉలిక్కిపడింది.

"నీ గొంతు ఇల్లు అది," అన్నాడు కాళిముత్తు. "పాట అక్కడ బయల్దేరాలి, ఎంత దూరం తిరిగినా మళ్లీ అక్కడికే రావాలి. నువ్వు ఇన్నాళ్లూ పక్కింట్లో కాపురం చేశావు."

ఆ ఊఁ పట్టుకుని రోజుకి కాస్త పైకి, కాస్త కిందికి నడిపించాడు. నెలలు గడిచేసరికి కాయలు కరిగాయి. పిల్ల గొంతు హాయిగా తిరిగే శ్రుతి నాలుగు కట్టై అని తేలింది.

"నాలుగా?" అన్నాడు మా ఆయన, ఇల్లు అమ్మేశామని చెప్పినట్టు మొహం పెట్టి. "నాలుగులో పాడితే అది అమ్మ పాట ఎట్లవుతాది? తిథి వస్తా ఉంది. ఈ ఒక్క తూరి ఆరులో పాడనీ."

"అంత ముచ్చటగా ఉంటే మీరే పాడండి ఆరులో," అన్నాను. నివేదిత గ్లాసులో స్ట్రా పెట్టి బుడబుడా ఊదింది. అది ఇంట్లో గొంతు బాగుచేసుకుంటోంది కానీ పాట మాత్రం ఒక్కటీ పాడట్లేదు. నేను అడగడానికి భయపడ్డాను.

దానికి ఊఁల పిచ్చి పట్టుకుంది. ఇంట్లో అందరి ఊఁలూ ఫోన్లో పట్టింది. నాది పోట్లాటకి దిగినట్టుందట. వాళ్ల నాన్నది షట్టర్ దించినట్టుందట. తాతని అడిగితే ఆయన పేపరు మడిచి, "ఊఁ. ఏందిమే ఇది?" అన్నారు. ఆయన ఊఁ ఎక్కడో పాతాళంలో మొదలై చివర్లో చిన్నగా పైకి వంకర తిరుగుతుంది, ప్రశ్న అడిగినట్టు.

తిథికి ముందు ఆదివారం సాయంత్రం మా ఆయన అలవాటు కొద్దీ టేపు పాట పెట్టాడు. మావయ్యగారు అలవాటు కొద్దీ లేచి గుమ్మంలోకి వెళ్లారు. నివేదిత గదిలోంచి వచ్చింది.

"నైనా, మొదట్నుంచి పెట్టు."

పెట్టాడు. "ఊఁ, పాడు ఇంగ."

నివేదిత తన ఫోన్లో తాత ఊఁ వినిపించింది. మళ్లీ టేపు, మళ్లీ తాత. ఒకటి సన్నం, ఒకటి లావు, చివర వంకర మాత్రం ఒక్కటే.

"ఇది నువ్వు కాదు నైనా. తాత."

"నేనే! బటన్ నొక్కినదే నేను!"

"బటన్ నువ్వే నొక్కినావు. మాట తాతది."

నాకు నవ్వొచ్చింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తెనాలిలో మా అన్నయ్య సరిగ్గా ఇదే పని చేసేవాడు. నీరసించిన బ్యాటరీలు వేసి నా మాటలు రికార్డు చేసి, కొత్త బ్యాటరీలతో వినిపించేవాడు. టేపు నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు ఎక్కిన గొంతు, మామూలు వేగంలో వింటే పరుగెడుతుంది, పిట్ట గొంతైపోతుంది. నేను ఏడిచేదాన్ని. టార్చిలైటు బ్యాటరీల కథ ఈ ఇంట్లో ఏటా చెప్పుకుంటూనే ఉన్నాం. మావయ్యగారి గొంతు కుర్రాడి గొంతైపోయిన టేపులో అత్తగారి గొంతు ఏమై ఉంటుంది?

నేను ఆ మాట పైకే అన్నాను. నివేదిత వెళ్లి తాతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"తాతా, 'పాడు ఇంగ' అనింది ఎవురు?"

ఆయన కొడుకు వంక చూసి, తల దించుకున్నారు. "నేనే."

"మరి పాడింది?"

"పాట అమ్మణిదే. గొంతు ఆమెది కాదు. ఎట్ల అట్లయిందో నాకు తెలీదు మే. మీ నాయన దినామూ దానికి దండం పెడతాడు. తల్లి లేని బిడ్డకి అదీ కాదని ఎట్ల చెప్పేది? చెప్పకపోతిని. నాకు మాత్రం అది వింటా ఉంటే, ఎవురో ఆమె చీర కట్టుకోని ఇంట్లోకి వచ్చినట్టుండేది. అందుకని లేచి పోతా ఉంటి."

నివేదిత ఫోన్లో వేగమూ గొంతూ రెండూ కలిపి దించే యాప్ ఒకటి తెరిచింది. గీత మీద వేలు పెట్టి మెల్లగా వెనక్కి జరిపింది. మావయ్యగారు కళ్లు మూసుకున్నారు.

"ఇంకా దించు... ఇంకొంచెం... అయ్యో, ఎక్కువైపాయె, పైకి రా... ఆడ. ఆడ ఆపు."

హాలంతా ఒక వెడల్పాటి గొంతు పరుచుకుంది. కాస్త బొంగురు. తొందర లేదు. ఇన్నేళ్లుగా నాకు ముక్క అర్థం కాని హారతిలో ప్రతి మాటా విడివిడిగా వినిపించింది. శ్రుతి చూస్తే నాలుగు దగ్గర, కొంచెం అటూ ఇటూ. శ్రుతి చూడకపోయినా నాకు తెలిసేది. ఆ గొంతు రోజూ నన్ను కాఫీ అడుగుతుంది, సెల్ ఛార్జర్ ఎక్కడ పెట్టావని కేకలేస్తుంది. నివేదిత నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

పాట చివర ఎప్పుడూ కీచుమని ఒక చప్పుడుండేది. టేపు గీత పడిందనుకునేవాళ్లం. అది ఇప్పుడు మాట అయింది. "చాలు శ్రీకుమారా, ఆపు నాయనా."

మా ఆయన ఫోను తీసుకుని ఆ ఒక్క ముక్కే మళ్లీ విన్నాడు. మళ్లీ విన్నాడు. "ఇట్లనే పిలిచేది," అన్నాడు నా వంక తిరిగి. "మరిచేపోయినా ఉదయా." ఆ రోజు ఆయన మీద నా దగ్గర ఒక్క ఎగతాళి మాటా మిగల్లేదు. పక్కన కూర్చుని వీపు నిమిరాను.

తిథి రోజు భోజనాలయ్యాయి. చుట్టాలు తాంబూలాలు నములుతూ చాపల మీద సర్దుకుని, "శ్రీకుమారా, టేపు పెట్టు" అన్నారు.

"ఈ తూరి టేపు లేదు," అన్నాడాయన. కూతురి వంక చూశాడు కానీ పాడమని అడగలేదు. నేనూ అడగలేదు. గోరువెచ్చటి నీళ్లు మాత్రం తెచ్చి దాని పక్కన పెట్టాను.

అది నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. తర్వాత ఫోన్లో శ్రుతి పెట్టుకుంది. నాలుగు. వెనక నుంచి ఎవరో పెద్దావిడ "నాలుగా!" అంది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి, వేళ్లు ఫోను మీద ఆగిపోయాయి. ఇప్పుడు ఆపేస్తే ఇక ఈ జన్మలో పాడదని నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే మావయ్యగారు కుర్చీ చేతుల మీద బరువు ఆనించి లేచారు. ఏటా చూసేదే కనుక చుట్టాలు కాళ్లు ముడుచుకుని గుమ్మం వైపు దారి ఇచ్చారు. నివేదిత మొహం పాలిపోయింది.

ఆయన గుమ్మం వైపు వెళ్లలేదు. కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ వచ్చి, మనవరాలికి ఎదురుగా వేసుకుని కూర్చున్నారు.

"ఊఁ," అన్నారు. "పాడు ఇంగ."