ఏ జబ్బూ లేనివాడు

మా తమ్ముడు లుబ్వామా బొజ్జ అంటే మా అమ్మకు ఎంత గర్వమో చెప్పలేను. లారీ తోలుకెళ్లి కంపాలాలో అరటిగెలలు దించేసి వాడు ఇంటికొచ్చాడంటే, ముందు ఆ బొజ్జ గుమ్మం దాటేది, తర్వాత వాడు. మా ఊళ్లో లావుగా ఉన్నవాణ్ణి ఎవరూ అనుమానించరు. చిక్కిపోయినవాణ్ణి మాత్రం బతకనివ్వరు. ఎయిడ్స్‌ను మేం సన్నజబ్బు అంటాం. ఆ జబ్బుతో పోయిన నాన్న, ఇద్దరన్నలు ఇంటి వెనక అరటితోటలోనే ఉన్నారు. వాళ్లప్పుడు మందుల్లేవు, నా వంతు వచ్చేసరికి వచ్చాయి. ఊరికే ఇచ్చే మాత్ర రోజూ వేసుకుంటాను, మిషను కుడతాను, ఊరందరితో తగువాడతాను.

కిందటి వానల్లో లుబ్వామా బొజ్జ కరిగిపోయింది. చొక్కాలన్నీ బిగించమని నా దగ్గరికే పట్టుకొచ్చాడు.

"ఏరా, కంపాలాలో ఎవత్తైనా నిన్ను పీల్చేస్తోందా?" అన్నాను.

"అంత అదృష్టమా అక్కా! దాహంతో చస్తున్నా. క్యానుడు నీళ్లు నేనొక్కణ్ణే తాగేస్తున్నా. తాగిందంతా పోయడానికి లారీ ఆపలేక చస్తున్నా. నిన్న మన పెరట్లో పోస్తే చీమలు బారులు కట్టాయి. మనుషులు మొహం తిప్పుకున్నా చీమలకి మాత్రం నేనంటే ప్రాణం!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మనుషులు మొహం తిప్పుకుంటున్నది మాత్రం నిజం. ఎదురింటి నాకిటో ఒకరోజు నా మిషను దగ్గరికొచ్చి, "మీ ఇంట్లో ఇంకొకడా?" అంది, జాలి ఒలకబోస్తూ. కత్తెర చూపించాను. వెళ్లిపోయింది. కానీ అమ్మ వినేసింది. ఆ పూట నుంచి తిండి మానేసింది.

"నిన్నూ పాతిపెట్టే ఓపిక నాకు లేదురా. పరీక్ష చేయించుకో" అని వాడి కాళ్లు పట్టుకుంది.

నేను మాత్రలు తెచ్చుకునే చోటికే తీసుకెళ్లాం. అమ్మ జపమాల తిప్పుతూ కూర్చుంది. కాసేపటికి నర్సు నవ్వుతూ బయటికొచ్చి, "నీకు లేదు పో" అంది వాడితో.

అమ్మ నడుముకు గుడ్డ బిగించి ఆ బెంచీల మధ్యే గంతులేసింది. "నా కొడుక్కి ఏ జబ్బూ లేదు! వినండి, ఏ జబ్బూ లేదు!" అని కేకలు పెట్టింది. లుబ్వామా సిగ్గుపడుతూ ఏడ్చాడు.

"మరి ఎందుకిలా చిక్కిపోయాడు?" అని అడిగాను.

"ఇక్కడ మేం చూసేది ఈ ఒక్క జబ్బే. బాగా తినిపించండి, అదే వస్తుంది ఒళ్లు" అంది నర్సు. ఆవిడ తెల్లకోటును తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అమ్మ తినిపించింది. పాలటీలో గుప్పెళ్లతో చక్కెర, అనాసరసం, గ్లూకోజు పొడి, పెట్టెలకొద్దీ కూల్‌డ్రింకులు. "తాగు నాన్నా, నీ బొజ్జ నాకు మళ్లీ కావాలి" అంటూ పక్కనే కూర్చునేది. దాహం కదా, వాడూ తాగాడు. ఎంత తాగితే అంత దాహం.

ఒక ఆదివారం వాంతులు మొదలయ్యాయి. ఊపిరి ఎగపోస్తున్నాడు, నోరు మగ్గిపోయిన పండులా వాసనేస్తోంది. వాడి లారీలోనే వాణ్ణి పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు వాడి వేలికి సూది గుచ్చి రక్తం చూశాడు.

"చక్కెర జబ్బు బాగా ముదిరిపోయింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా?"

"తప్పు చూశారు బాబూ! వాడికి ఏ జబ్బూ లేదు, పరీక్ష చేయించాం" అని అమ్మ పోట్లాడింది.

ఇన్సులిన్ అయిపోయిందనీ, బయట కొనుక్కురమ్మనీ చెప్పారు. ఊరంతా తిరిగి నేను తెచ్చేసరికి వాడు లేడు. ఇన్నేళ్లలో నా మాత్రలు ఒక్కసారీ అయిపోలేదు. ఆ దేవుడికీ, ఈ ప్రభుత్వానికీ ఏం లెక్కలున్నాయో నాకు తెలియదు.

అన్నల పక్కనే వాణ్ణీ పాతిపెట్టాం. వచ్చినవాళ్లు సన్నజబ్బేనని గుసగుసలాడారు. అందరూ వెళ్లాక అమ్మ నా పక్కన చాపమీద కూలబడింది.

"ఆ జబ్బే అయ్యుంటే, నీకిచ్చే మాత్రే వాడికీ ఇచ్చేవాళ్లు కదే?"

"ఇచ్చేవాళ్లమ్మా."

"బతికేవాడు కదే?"

"బతికేవాడు."

"మరి నేనెందుకే ఆ రోజు గంతులేశాను?"

నా మాత్ర వేళయింది. అమ్మే లేచి, నీళ్లు తెచ్చి నా చేతికిచ్చింది.